సాలూరి రాజేశ్వరరావు పాటలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉర్దూ మాతృభాషగా గల మన విద్యార్థులు తెలుగు తరగతిలో అడిగే ప్రశ్నలన్నీ పరీక్షకు సంబంధించినవే అయి ఉంటాయని అనుకోనక్కరలేదు. సంధులకూ సమాసాలకూ మధ్య ఎవరో ఒకరు లేచి, "తెలుగు పాటలు వినాలని ఉంది సార్, ఎక్కడ మొదలుపెట్టమంటారు?" అని అడగటం కద్దు. ప్రశ్న చిన్నదే కాని, దాని వెనుక ఉన్న సంగతి చిన్నది కాదు. ద్వితీయ భాషగా తెలుగు చదివి, ఉత్తీర్ణులై, ఆ మరునాడే దానిని మూటకట్టి అటక మీద పెట్టేవారు మనలో తక్కువేమీ కాదు. చార్మినారు పరిసరాలలో పుట్టి పెరిగిన పిల్లవానికి తెలుగు అంటే బస్సు మీది అక్షరాలు, దరఖాస్తు ఫారాలు, పాఠ్యపుస్తకం. అది ఇతరుల నోట పలికే భాష గాని తన నోట పలికేది కాదన్న భావం అతనిలో ఎక్కడో నాటుకొని ఉంటుంది. ఆ భావం తొలగనంత కాలం అతడు స్వస్థలంలోనే అతిథి వలె మసలవలసి వస్తుంది. పాట వినాలన్న కోరిక ఆ భావానికి పడిన మొదటి బీట. కనుక ఈ ప్రశ్నకు "ఏదో ఒకటి వినవయ్యా" అని బదులు చెప్పి పంపివేయటం భావ్యం కాదు.

నన్నడిగితే ఒక్క సంగీత దర్శకుని పట్టుకొని, ఆయన పాటలనే ఒక క్రమంలో వినమంటాను. ఆయన సాలూరి రాజేశ్వరరావు గారు. గాయకుని పేరు కాక సంగీత దర్శకుని పేరు చెప్పటానికి కారణం ఉన్నది. మన దేశంలో పాట ఎవరు పాడితే వారిదిగానే లోకం చెప్పుకొంటుంది. ఫోనులో పాటలు వెదికేవారికి ఘంటసాల, సుశీల అన్న పేర్లే ముందుగా కనబడతాయి. స్వరం కూర్చినవారి పేరు ఎక్కడో అడుగున ఉంటుంది, ఒక్కొక్కప్పుడు ఉండనే ఉండదు. ఘంటసాల గారు స్వయంగా గొప్ప సంగీత దర్శకులు కూడా కావటంతో ఈ చిక్కు ఇంకా పెరిగింది. రాజేశ్వరరావు గారు కూర్చిన పాటలు అనేకం "ఘంటసాల పాటలు"గానే ప్రచారంలో ఉన్నాయి. విచిత్రమేమంటే వీరిద్దరూ 1922లోనే జన్మించారు.

రాజేశ్వరరావు గారి జన్మస్థలం సాలూరు సమీపంలోని శివరామపురం, నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోనిది. తండ్రి సన్యాసిరాజు గారు ద్వారం వెంకటస్వామినాయుడు గారి వాయులీన కచేరీలకు మృదంగ సహకారం అందించిన విద్వాంసులు. కుమారుడు 1935 నాటి శ్రీకృష్ణలీలలు చిత్రంలో బాలకృష్ణునిగా నటించి, తన పాటలు తానే పాడుకొన్నారు. యౌవనారంభంలో కొంతకాలం కలకత్తాలో గడిపి, పంకజ్ మల్లిక్, సైగల్ వంటి వారి గానాన్ని దగ్గరగా విన్నారు. ఇంట కర్ణాటక సంగీతం, కలకత్తాలో హిందుస్తానీ, వంగదేశపు లలిత గీతం: ఈ మూడింటి కలయిక ఆయన బాణీలో కడదాకా నిలిచింది. ఆయన 1999లో కాలధర్మం చెందారు. ఇంతకు మించి జీవిత చరిత్ర ఇక్కడ అవసరం లేదు.

క్రమమంటే మొదటి నుండి చివరికి అని చాలామంది భ్రమపడతారు. 1940 నాటి ఇల్లాలుతో ఆరంభించి సంవత్సరాల వారీగా వినబూనితే, ఆనాటి ముద్రణలోని గరగరకు అలవాటు పడని చెవి రెండు పాటలకే విసిగిపోతుంది. పోనీ, ఫోను ఇచ్చే "ఉత్తమ గీతాల" పట్టిక పట్టుకొందామంటే అందులో ఒక దానికొక దానికి పొందిక ఉండదు. నడిమధ్య మొదలుపెట్టి, వెనుకకు నడవటం మేలు. వినేవానికి అప్పటికే తెలిసిన రాగమో, తెలిసిన మాటో ఉన్న పాట ముందు. అటువంటి ఆసరా అక్కరలేని పాట తరువాత.

ఆ లెక్కన మొదటి పాట 1955లో వచ్చిన మిస్సమ్మ చిత్రంలోని "బృందావనమది అందరిది". పింగళి నాగేంద్రరావు గారి రచన, ఎ.ఎం. రాజా, పి. సుశీల పాడారు. మన విద్యార్థి ఈ పాట విన్న మరుక్షణం, "ఇది నాకు తెలుసు!" అంటాడు. మిస్సమ్మను ఎల్.వి. ప్రసాద్ గారే 1957లో మీనాకుమారి నాయికగా మిస్ మేరీ పేరుతో హిందీలో తీశారు. సంగీతం హేమంత్ కుమార్‌దే అయినా ఈ బాణీని మాత్రం ఆయన మార్చలేదు. లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ పాడిన ఆ పాట ఉర్దూ ఇళ్ళలో ఎందరికో కంఠస్థం. అంటే మనవారు తమకు తెలియకుండానే ఒక సాలూరు పాటను పాడుకొంటూ వచ్చారన్న మాట. దీని రాగం కర్ణాటక సంప్రదాయంలో శుద్ధసావేరి. ఐదే స్వరాలు గల రాగమిది. హిందుస్తానీ వారి దుర్గా రాగానికీ ఇవే స్వరాలు. రెండు భాషలవారూ దీనిని సొంతం చేసుకోవటంలో ఆశ్చర్యమేమున్నది?

ఆ పాటతో ఆగక మిస్సమ్మ పాటలన్నీ వినాలి. ఉద్యోగం కోసం భార్యాభర్తలమని బొంకిన ఒక హిందూ యువకుడు, ఒక క్రైస్తవ యువతి కథ అది. అందులో త్యాగరాజ కృతి ఉన్నది, మేరీమాతను వేడుకొనే ప్రార్థన ఉన్నది, వెన్నెల పాటలున్నాయి, పరిహాసాలున్నాయి. ప్రార్థనను పి. లీల పాడిన తీరు గమనించదగినది. చర్చి పాట వలె వినిపించాలని పాశ్చాత్య వాద్యాలను గుప్పించే పనికి రాజేశ్వరరావు గారు పూనుకోలేదు. పాత్ర ఏ మతానికి చెందినదైనా ఆమె వేదన తెలుగు వేదనే అన్నట్లు స్వరం కట్టారు.

ఇక్కడ ఒక ఉపకథ. రఫీ అభిమానులు ఆయన తెలుగులో పాడిన పాటలతోనే మొదలుపెడతామంటారు. కాదనను. 1969లో వచ్చిన భలే తమ్ముడులో ఎన్.టి. రామారావు గారికి రఫీ పాడారు, సంగీతం టి.వి. రాజు గారిది. 1976లో ఆరాధనలో మళ్ళీ పాడారు. సంగీతం సాలూరి హనుమంతరావు గారిది, వీరు రాజేశ్వరరావు గారి అన్నగారు. తరువాతి తరంలో ఈ కుటుంబాలు మరల కలిశాయి. టి.వి. రాజు గారి కుమారుడు రాజ్, రాజేశ్వరరావు గారి కుమారుడు కోటి కలిసి రాజ్–కోటిగా ప్రసిద్ధులైనారు. రఫీ తెలుగు ఉచ్చారణలో అక్కడక్కడా మన పాతబస్తీ తెలుగు వినబడుతుంది. అది కూడా ఒక ధైర్యమే. అంతటి గాయకుడు తడబడుతూనైనా పాడాడు కదా, మనకేమి సిగ్గు?

రాగం తరువాత మాట. 1961లో వచ్చిన భార్యాభర్తలు చిత్రంలో శ్రీశ్రీ రచించగా ఘంటసాల పాడిన "జోరుగా హుషారుగా" అన్న పాట వినండి. శీర్షికలోని రెండు మాటలకు, వెంటనే వచ్చే షికారు అన్న మాటను కలుపుకొంటే, మూడూ ఫారసీ, ఉర్దూల ద్వారా తెలుగులోకి వచ్చినవే. అయితే వచ్చినవి వచ్చినట్లు ఉండిపోలేదు. ఉర్దూలో జోర్ అంటే బలం. తెలుగులో జోరు అంటే బలం కన్న వేగం, ఊపు ఎక్కువ. ఉర్దూలో హోషియార్ అంటే జాగ్రత్త గలవాడు, తెలివిగలవాడు. తెలుగులో హుషారు అంటే ఉత్సాహం, చలాకీతనం. ఉర్దూలో షికార్ అంటే వేట. తెలుగులో షికారు అంటే సాయంకాలపు విహారం. మృగయా వినోదానికి వెళ్ళిన మాట తెలుగు దేశంలో తుపాకీ వదలిపెట్టి చల్లగాలికి తిరగటం నేర్చుకొన్నది! ఈ మూడు మాటలను నల్లబల్ల మీద వ్రాసి వివరిస్తే అరగంట పడుతుంది. పాటలో మూడు నిమిషాల్లో అర్థం చెవికి అందుతుంది. రాజేశ్వరరావు గారి బాణీలోని ఊపే తెలుగు అర్థాన్ని చెబుతుంది. ఆ నడకలో వేటగాడు కనబడడు, షికారుకు బయలుదేరిన కుర్రవాడే కనబడతాడు.

మూడవ మెట్టు 1964 నాటి పూజాఫలం. బి.ఎన్. రెడ్డి గారి చిత్రం. ఇందులోని "పగలే వెన్నెల" డాక్టర్ సి. నారాయణరెడ్డి గారి రచన, ఎస్. జానకి గానం. దీని రాగం హిందోళం. హిందుస్తానీలో మాల్కౌన్స్ అంటాం. మాల్కౌన్స్ అనగానే అర్ధరాత్రి, గంభీరమైన ఆలాపన మనసుకు వస్తాయి. అటువంటి రాగాన్ని తీసుకొని, పియానో తోడుగా, పట్టపగటిని వెన్నెలగా భావించే ఒక యువతి ఉల్లాసానికి వాడుకోవటం సాహసమే. రాత్రి రాగంలో పగటి పాట కట్టటంలోని చమత్కారం తెలిసినవాడు పెదవి చివర నవ్వుకొంటాడు. తెలియనివాడు హాయిగా ఊగుతాడు. ఇక రచయిత విషయం. నారాయణరెడ్డి గారు పట్టభద్రులయ్యే వరకు ఉర్దూ మాధ్యమంలోనే చదివారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చేసి, అక్కడే ఆచార్యులై, 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం అందుకొన్నారు, తెలుగులో గజళ్ళు వ్రాశారు. ఉర్దూ మాధ్యమం నుండి వచ్చినవారికి తెలుగు కవిత్వం అందని పండని ఎవరైనా అంటే ఈ ఒక్క పేరు చెప్పితే చాలు.

అదే సంవత్సరం వచ్చిన డాక్టర్ చక్రవర్తి పాటలు సైతం ఈ మెట్టు మీదివే. కోడూరి కౌసల్యాదేవి గారి చక్రభ్రమణం నవల ఆధారంగా ఆదుర్తి సుబ్బారావు గారు తీసిన చిత్రమిది. ఆత్రేయ రచించిన "నీవులేక వీణ"లో సుశీల గొంతు, శ్రీశ్రీ రచించిన "మనసున మనసై"లో ఘంటసాల గొంతు రెండూ ఒంటరితనాన్నే చెబుతాయి కాని, వేర్వేరు రీతుల్లో. వాద్యాలు ఎంత పొదుపుగా ఉన్నాయో ఆలకించండి. మాట పలికేటప్పుడు వాద్యం వెనుకకు తప్పుకొంటుంది. మాట ఆగినప్పుడే ముందుకు వస్తుంది. పెద్దలు మాట్లాడుతుండగా పిల్లలు మౌనంగా ఉండే ఇల్లు వలె ఉంటుంది ఆ పాట. ఇదే కాలపు మరొక మేలి చిత్రం 1962 నాటి ఆరాధన. ఒక్క హెచ్చరిక: ఫోనులో ఆరాధన అని వెదికితే 1962 తెలుగు చిత్రం, పైన చెప్పిన 1976 తెలుగు చిత్రం, ఎస్.డి. బర్మన్ సంగీతంతో 1969లో వచ్చిన హిందీ చిత్రం మూడూ కలిసి వచ్చి పడతాయి. ఘంటసాల పాడిన శ్రీశ్రీ గీతం "నా హృదయంలో నిదురించే చెలి" కనబడితే సరైన చోటికి చేరినట్లే.

ఇంతదాకా వచ్చిన విద్యార్థికి ఒక కిటుకు చెప్పాలి. ఉర్దూ కవిత్వం చదివినవారికి అరూజ్, బహర్ తెలుసు. దీర్ఘాక్షరం, హ్రస్వాక్షరం ఏ వరుసలో రావాలో నిర్ణయించే శాస్త్రమది. తెలుగు ఛందస్సులోని గురు లఘువుల లెక్క దానికి దగ్గరి చుట్టమే. తెలుగు పలకటంలో మన పిల్లలు చేసే తప్పులలో అధికభాగం ఇక్కడివే. పొడుగు పలకవలసిన చోట పొట్టి, పొట్టి చోట పొడుగు. రాజేశ్వరరావు గారి బాణీల్లో దీర్ఘాక్షరం సాధారణంగా నిలిచే స్వరం మీదికి వస్తుంది, హ్రస్వం దాటిపోయే స్వరం మీదికి వస్తుంది. మాటను తాళం కోసం విరగగొట్టటం ఆయనకు ఇష్టం లేదు. కనుక పాట వెంట పాడితే పలుకు దానంతట అదే చక్కబడుతుంది. కొత్తగా వచ్చే పాటల్లో పలువురు ఈ నియమాన్ని పాటించటం లేదన్నది నా అభిప్రాయం; విభేదించేవారు ఉండవచ్చు.

ఇక ఆసరాలు వదలి నడవవలసిన చోటు మల్లీశ్వరి. 1951 డిసెంబరులో విడుదలైంది. వాహినీ వారి నిర్మాణం, బి.ఎన్. రెడ్డి గారి దర్శకత్వం, దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి గీతాలు. భావకవిగా అప్పటికే లోకప్రసిద్ధులైన కృష్ణశాస్త్రి గారు సినిమాకు వ్రాయటం ఈ చిత్రంతోనే ఆరంభమైంది. వాద్య సమ్మేళనంలో అద్దేపల్లి రామారావు గారి చేయి ఉన్నది. పాటలు భానుమతి, ఘంటసాల ప్రభృతులు పాడారు. కథ శ్రీకృష్ణదేవరాయల కాలానిది: బావా మరదళ్ళు, వారి మధ్య వచ్చిన ధనాశ, రాజాంతఃపురం.

మల్లీశ్వరిలో మన విద్యార్థికి తెలిసిన ఉర్దూ మాట వెదికినా తగలదు. అచ్చమైన తెలుగు, అక్కడక్కడ కోమలమైన సంస్కృతం. అందుకే దీనిని ముందు పెట్టక ఇక్కడ పెట్టాను. "ఆకాశవీధిలో" అన్న పాట చూడండి. ఎడబాసిన ఇద్దరూ చెరొక చోట ఉండి మేఘంతో కబురు పంపుకొంటారు. కాళిదాసు మేఘసందేశాన్ని కృష్ణశాస్త్రి గారు పల్లెవారి నోటికి అందించారు. భీంపలాస్ ఛాయలో మొదలైన పాట చరణం చరణానికి రాగం మార్చుకొంటూ పోతుంది. దీనినే రాగమాలిక అంటారు. అయితే వినేవానికి రాగం మారిందన్న స్పృహ కలుగదు. ఆకాశంలో మబ్బు ఒక ఆకారం నుండి మరొక ఆకారానికి ఎప్పుడు మారిందో చెప్పగలమా? అట్లే ఇక్కడ విరహం ఒక రంగు నుండి ఇంకొక రంగులోకి జారిపోతుంది. ఈ పాటను మొదటిసారి అర్థం తెలియకుండానే వినమంటాను. రెండవసారి పాఠం చేత పట్టుకొని, తెలియని మాటల కింద గీత గీసుకొంటూ వినాలి. మూడవసారి కన్నులు మూసుకొని వినాలి. మూడవసారికి నిఘంటువు అవసరం ఉండదు.

భానుమతి గొంతు గురించి ఒక మాట. అలవాటైన తీపి గొంతులకు ఇది భిన్నం. కొంచెం బరువు, కొంచెం జీర, తన పాత్ర తానే పాడుకొంటున్నానన్న అధికారం అందులో ఉంటాయి. ఆమె నటి, గాయని రెండూ కనుక "మనసున మల్లెల" పాటలో నాయిక గాలికీ అలికిడికీ ఉలిక్కిపడి ప్రియుడు వచ్చాడని ఆశపడే చోట, గొంతులో ఆ ఉలికిపాటు దాగదు. ఈ చిత్రాన్ని చిన్న తెరపై, బస్సులో, చెవిలో తీగ పెట్టుకొని చూడటం అన్యాయం. కళాశాల కమిటీ వారు సంవత్సరానికి ఒక సాయంకాలం హాలులో పెద్ద తెర కట్టించి, మంచి ధ్వనితో మల్లీశ్వరి ప్రదర్శింపజేస్తే, తెలుగు, ఉర్దూ శాఖలు రెండూ కలిసి కూర్చొని చూడవచ్చు. ఖర్చు స్వల్పం. వార్షికోత్సవపు పూలదండల పద్దులో సర్దుబాటు చేయవచ్చునని మనవి.

మల్లీశ్వరి తరువాత 1954 నాటి విప్రనారాయణ. భక్తునికీ దేవదేవికీ నడిచిన కథ. ఇందులో అక్కినేని నాగేశ్వరరావు గారికి ఎ.ఎం. రాజా పాడారు. ఘంటసాల గొంతుకు అలవాటుపడిన శ్రోతకు ఆ మెత్తని గొంతు మొదట బలహీనంగా తోస్తుంది. కాని తోటలో పూలు కోసుకొంటూ బతికే సాత్త్వికుడైన భక్తునికి గర్జించే కంఠం ఎట్లు తగును? గాయకుని ఎన్నికలోనే సంగీత దర్శకుడు పాత్రను సగం చెప్పివేశాడు. దర్గాలలో ఖవ్వాలీ విన్నవారికి దైవప్రేమకూ మానవప్రేమకూ ఒకే మాటలు వాడే పద్ధతి కొత్త కాదు. విప్రనారాయణ పాటలు వారికి త్వరగా లోబడతాయి.

జెమినీ వారి చంద్రలేఖను దారిలో ఎక్కడైనా వినవచ్చు. 1948లో ముందు తమిళంలో, అదే సంవత్సరాంతంలో హిందీలో వచ్చిన ఎస్.ఎస్. వాసన్ గారి చిత్రమది. కర్ణాటకం, హిందుస్తానీ, పాశ్చాత్యుల వాల్ట్జ్ నడక, లాటిన్ అమెరికా లయలు అన్నీ ఒకే కుండలో వండారు. అది వంట కాదు, విందు. రోజూ తినేది కాదు. అయితే వరుసలు వరుసలుగా పేర్చిన పెద్ద పెద్ద ఢంకాల మీద సాగే నృత్యం మాత్రం తప్పక చూడాలి. బార్కస్ పెళ్ళిళ్ళలో మర్ఫా దరువుకు కాళ్ళు ఆడినవారికి ఆ ఢంకాల సంగతి ఎవరూ వివరించనక్కరలేదు.

చెంచులక్ష్మి, అప్పుచేసి పప్పుకూడు తీరికను బట్టి వినవచ్చు. 1970 నాటి చిట్టిచెల్లెలులో "ఈ రేయి తీయనిది" తప్ప ఆ దశకపు తరువాతి పాటలను కొత్త శ్రోత వెంటనే వెదకవలసిన పని లేదు. 1986లో తాండ్ర పాపారాయుడు చిత్రానికి ఆయన సంగీతం కూర్చారు. బొబ్బిలి యుద్ధగాథ అది. సాలూరు ప్రాంతం వారికి సొంత ఊరి కథ వంటిది.

చిట్టచివర వినవలసినవి ఆయన మొట్టమొదటివి. సినిమాలతో సంబంధం లేకుండా గ్రామఫోను రికార్డుల కోసం పాడిన లలిత గీతాలు. "పాట పాడుమా కృష్ణా", "తుమ్మెదా ఒకసారి" స్వయంగా పాడినవి. "కోపమేల రాధా" రావు బాలసరస్వతీదేవి గారితో కలిసి పాడినది. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులో ఒక్కొక్క పక్కకు పట్టేది సుమారు మూడు నిమిషాలే. ఆ మూడు నిమిషాల్లో పల్లవి, చరణాలు, ఒక చిన్న ఆలాపన, ముగింపు అన్నీ ఇమడాలి. అనవసరమైన స్వరానికి చోటు లేదు. మల్లీశ్వరిలోని పొదుపు, డాక్టర్ చక్రవర్తిలోని మౌనం ఎక్కడ నుండి వచ్చాయో ఇవి వింటే బోధపడుతుంది. పంకజ్ మల్లిక్ నీడ వీటిపై ఉన్నదని గుర్తుపట్టగలరు, ఆ నీడలో నుండి బయటికి నడిచి వస్తున్న ఒక తెలుగు గొంతునూ గుర్తుపట్టగలరు. ఇందుకోసం జుమ్మెరాత్ బజారులో పాత సామాను గాలించనక్కరలేదు. ఫోనులో పాట పేరుతో పాటు సాలూరి రాజేశ్వరరావు అని తెలుగు అక్షరాలలో వ్రాసి వెదకండి. ఇంగ్లీషు అక్షరాలలో వ్రాస్తే రీమిక్సులు ముందు వస్తాయి. గరగర ఎక్కువగా ఉన్న ప్రతి దొరికితే దానినే ఉంచుకోండి. శుభ్రం చేశామని చెప్పే ప్రతుల్లో గరగరతో పాటు గొంతులోని నునుపు కూడా కొంత పోయి ఉంటుంది.